వీధి డ్రిఫ్టింగ్, కారు ట్యూనింగ్ గేమ్: గోదావరి కుర్రాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం హాస్టల్ గదుల నుంచి, అమలాపురం, పాలకొల్లు, రాజోలు వైపు నుంచి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. సెలవులిచ్చారంటే మరీను. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్‌లో కార్‌ఎక్స్ స్ట్రీట్ ఆడేవాళ్ళే కాబట్టి ఉదాహరణలు దాని చుట్టూనే ఉంటాయి. డ్రిఫ్టింగ్ (మలుపులో వెనక చక్రాలని కావాలనే జారిస్తూ నడపడం), ట్యూనింగ్ (పార్టులూ సెట్టింగులూ మార్చుకోవడం) సూత్రాలు మాత్రం ఏ గేమ్‌కైనా ఒకటే. ఓడినప్పుడల్లా ఇంకా పెద్ద ఇంజిన్ కొనేవాళ్ళు మనలో చాలామంది. ఈ జవాబుల్లో సగం ఆ అలవాటు మాన్పించడానికే. మీకు ఏ ప్రశ్న కావాలో నేరుగా అక్కడికే వెళ్ళండి.

## మొదలుపెట్టే ముందు

అన్నా, ఇన్ని గేమ్‌లున్నాయి కదా, ముందు ఏది వేసుకోమంటావ్?

ఊరంతా తిరగాలి, కారు విప్పి పార్టులు మార్చాలి, రేసులూ కావాలి అంటే కార్‌ఎక్స్ స్ట్రీట్. ఆండ్రాయిడ్‌కి 2023లో, పీసీకి 2024 ఆగస్టులో వచ్చింది. సన్‌సెట్ సిటీ అనే ఊళ్ళో తిరుగుతూ, ఒక్కో క్లబ్బునీ దాని బాసునీ ఓడించుకుంటూ పోతారు. తిరుగుళ్ళు అక్కర్లేదు, డ్రిఫ్ట్ ఒక్కటే నేర్చుకోవాలంటే అదే కంపెనీ వాళ్ళ కార్‌ఎక్స్ డ్రిఫ్ట్ రేసింగ్ 2 చాలు, ఫోన్ మీద భారమూ తక్కువ. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్ (2003), అండర్‌గ్రౌండ్ 2 (2004) ఇప్పటికీ సరదాగానే ఉంటాయి. నెట్ సెంటర్ల కాలం నాటి మోస్ట్ వాంటెడ్ (2005) అంటే నాకూ ఇష్టమే, కాకపోతే అందులో డ్రిఫ్ట్ రేసులు లేవు. అసలు కారు ఎలా నడుస్తుందో దానికి దగ్గరగా కావాలంటే పీసీలో అసెట్టో కోర్సా (2014). దాంట్లో మొదటి వారం ఏడుపే.

నాది 4 జీబీ ర్యామ్ ఫోన్. ఆడుతుందా?

గ్రాఫిక్స్ తగ్గిస్తే లాక్కొస్తుంది, అప్పుడప్పుడూ హ్యాంగ్ అవుతుంది. రిజల్యూషన్, నీడలు, రోడ్డు మీద ట్రాఫిక్ అన్నీ తగ్గించండి. సెకనుకి 60 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) పెట్టుకుని మధ్యమధ్యలో ఆగిపోతూ ఆడేకంటే నిలకడగా 30 ఫ్రేముల దగ్గర ఆడటం చాలా మేలు. కారు తోక జారిన క్షణంలో మీరు స్టీరింగ్ తిప్పాలి. సరిగ్గా ఆ క్షణంలో తెర అతుక్కుపోతే ఎంత చెయ్యి తిరిగినవాడికైనా కారు గోడకే. ఫోన్‌లో వాట్సాప్ వీడియోలు కొంచెం ఖాళీ చేయండి, నిండిపోయిన మెమరీతో ఏ గేమూ సాఫీగా నడవదు.

ఎండాకాలం పావుగంట ఆడేసరికి ఫోన్ కాలిపోతోంది. ఏం చేయాలి?

వేడెక్కిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. అప్పుడే లాగ్ మొదలవుతుంది. వెనక కవరు తీసేయండి, ఫ్యాను గాలి తగిలేచోట కూర్చోండి, బ్రైట్‌నెస్ తగ్గించండి. ముఖ్యంగా చార్జింగ్ పెట్టి ఆడొద్దు. కరెంటు పోతుందేమోనన్న భయం ఉంటే ముందే ఎక్కించుకోండి. ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టి తీసి ఆడే మహానుభావులూ ఉన్నారు. మన డెల్టా గాలిలో అసలే తేమ ఎక్కువ. అంత చల్లబడిన ఫోన్ బయటికి తీశారంటే లోపల చెమ్మ పట్టేస్తుంది, ఆ తర్వాత ఆడటానికి ఫోనే ఉండదు.

రోజుకి 1.5 జీబీ డేటాతో సరిపోతుందా?

ఆటకి పెద్దగా డేటా అవ్వదు. తినేదల్లా మొదటి డౌన్‌లోడ్, ఆ తర్వాత వచ్చే అప్‌డేట్లు. అవి ఎవరింట్లోనైనా వైఫై దగ్గర చేసుకోండి, ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయండి.

టచ్ మంచిదా, ఫోన్ వంచి ఆడటం మంచిదా, కంట్రోలర్ కొనాలా?

ఫోన్ వంచి ఆడటం చూడ్డానికి బాగుంటుంది, డ్రిఫ్ట్‌కి మాత్రం పనికిరాదు. టచ్‌లో ఎడమ, కుడి బటన్లు కాకుండా తెర మీద స్టీరింగ్ చక్రమో, జరిపే స్లైడరో ఎంచుకోండి. బటన్ అంటే పూర్తిగా తిప్పడం, లేదా అస్సలు తిప్పకపోవడం. డ్రిఫ్ట్ నడిచేదంతా ఆ రెండింటి మధ్యలోనే. బొటనవేళ్ళకి చెమట పట్టి తెర మీద అతుక్కుంటుంటే పక్కన చిన్న తువ్వాలు పెట్టుకోండి.

కంట్రోలర్ కొనేట్టయితే షాపులోనే ఒకటి చూడాలి. వెనకుండే ట్రిగ్గర్ మెల్లగా నొక్కినకొద్దీ కారు రేజ్ మెల్లగా పెరగాలి. చవకరకం వాటిలో చాలావాటికి అక్కడ ఉండేది మామూలు స్విచ్చే. టిక్కుమంటే ఫుల్ గ్యాస్, అంటే యాక్సిలరేటర్ మొత్తం తొక్కినట్టే. అలాంటిది కొనేకంటే టచ్‌తోనే ఉండటం నయం.

## మొదటి వారం

మొదటి కారు ఏది కొనమంటారు?

వెనక చక్రాలకి పవర్ వెళ్ళేది, 200 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉండేది, ఉన్నవాటిలో చవకది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువున్న కారైతే మెల్లగా జారుతుంది, దిద్దుకోవడానికి టైము దొరుకుతుంది. పొట్టి కారు చకచకా తిరుగుతుంది, అంతే చకచకా గింగిరాలూ కొడుతుంది. 600 హార్స్‌పవర్ కారు మొదటిరోజే కొన్నవాళ్ళు నెల తర్వాత కూడా అదే మలుపులో అదే గోడకి గుద్దుకోవడం చూస్తూనే ఉన్నాను.

వెనక చక్రాల కారు, ముందు చక్రాల కారు అంటే ఏంటండి?

ఇంజిన్ బలం ఏ చక్రాలకి వెళ్తుందన్నదే తేడా. మన రోడ్ల మీద చూసే స్విఫ్ట్ ముందు చక్రాలు లాగే కారు. ఈకో, బొలెరో, పాత అంబాసిడర్ వెనక చక్రాలు తోసేవి. డ్రిఫ్ట్ నిలబడాలంటే వెనక చక్రాలు పవర్‌తో తిరుగుతూ జారుతుండాలి, అందుకే వెనక చక్రాల కార్లే కావాలి. ముందు చక్రాల కారుని హ్యాండ్‌బ్రేక్ లాగి ఒకసారి జారించగలరు, ఆ జారుడు కొనసాగించలేరు. నాలుగు చక్రాలకీ పవర్ ఉన్నవి జారుతూనే ముందుకి లాగేసుకుంటాయి, నేర్చుకునేవాడికి తికమక. పేరు చూసి స్కైలైన్ జీటీఆర్ కొని డ్రిఫ్ట్ రావట్లేదని కంగారుపడతారు చాలామంది. అది నాలుగు చక్రాల బండి. డ్రిఫ్టర్లు వాడేవి అదే స్కైలైన్‌లో వెనక చక్రాల రకాలు.

అందరూ ఏఈ86 అని పలవరిస్తారెందుకు? చూస్తే పాత డబ్బాలా ఉంది.

డబ్బాయే. 1983 నుంచి 1987 దాకా టొయోటా చేసిన కరోలా లెవిన్, స్ప్రింటర్ ట్రూనో కార్లవి. 1.6 లీటర్ల ఇంజిన్, బరువు టన్ను లోపే. జపాన్‌లో కెయిచి త్సుచియా లాంటి రేసర్లు కొండదారుల్లో ఇలాంటి కార్లతోనే డ్రిఫ్టింగ్‌కి పేరు తెచ్చారు. పవర్ తక్కువ కాబట్టి వేగం పోగొట్టుకోకుండా నడపడం నేర్పుతుంది. ఆ పై మెట్టు కావాలంటే నిస్సాన్ సిల్వియా ఎస్15 (1999-2002). టర్బో (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ తోసి బలం పెంచేది) ఉంది, తిరగమన్నట్టు తిరుగుతుంది, నా ఓటు దానికే. కార్‌ఎక్స్ గేమ్‌ల్లో చాలా కార్లకి అసలు పేర్లుండవు, ఆకారం చూసి పోల్చుకోవాలి.

అసిస్టులన్నీ (గేమ్ మన బదులు చేసే సాయాలు) ఆపేయాలా?

ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ ఆపేయండి. చక్రం జారగానే పవర్ కోసేయడమే వాటి పని, మీకు కావాల్సిందేమో ఆ జారుడే. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉంచుకోవచ్చు. ఆటోమేటిక్ గేరుతో మొదలుపెట్టినా పర్లేదు గానీ, డ్రిఫ్ట్ మధ్యలో అది తనంతట తాను పై గేరుకి మారిపోయి చక్రాల ఊపు చంపేస్తుంది. ఆ చిరాకు మొదలైనరోజే మాన్యువల్‌కి మారిపోండి. మొదట్లో రెండో గేరు, మూడో గేరు తప్ప మీకు పెద్దగా పని ఉండదు.

## డ్రిఫ్ట్ పట్టుబడే దశ

ఎంత ట్రై చేసినా స్పిన్ అయిపోతోంది. ఎక్కడ పొరపాటు?

అందరూ అడిగేది ఇదే కాబట్టి ఒక కుడి మలుపు తీసుకుని నెమ్మదిగా చూద్దాం.

రెండో గేరులో వస్తున్నారు. మలుపుకి ముందు యాక్సిలరేటర్ వదిలారు, కారు బరువు ముందు చక్రాల మీదికి వాలింది. వెనక తేలికైంది. స్టీరింగ్ కుడికి తిప్పి హ్యాండ్‌బ్రేక్ ఒక్కసారి తట్టారు. తోక ఎడమవైపుకి జారడం మొదలైంది. ఇప్పటికీ మీ వేలు కుడివైపే ఉంటే పని అయిపోయినట్టే. తోక కదిలిన వెంటనే స్టీరింగ్ ఎడమకి రావాలి, అదే సమయంలో గ్యాస్ మళ్ళీ అందుకోవాలి. వానాకాలంలో చేలగట్టు మీద సైకిల్ వెనక చక్రం జర్రున జారితే హ్యాండిల్ మనకి తెలియకుండానే అటువైపే తిప్పుతాం కదా, ఇదీ అంతే. చేతికి తెలిసిన సంగతే, వేలికి నేర్పాలి.

రెండో పొరపాటు గ్యాస్ దగ్గర. వెనక చక్రాల కారులో గ్యాస్ పెంచితే కారు అడ్డం తిరిగిన కోణం పెరుగుతుంది, కొంచెం తగ్గిస్తే తగ్గుతుంది. కంగారులో మొత్తం వదిలేశారనుకోండి, వెనక టైర్లు ఒక్కసారిగా రోడ్డుని పట్టేసుకుంటాయి. ముందు చక్రాలు అప్పటికే ఎడమకి తిరిగి ఉన్నాయి కాబట్టి కారు ఎడమకి విసిరికొడుతుంది. చాలామంది స్పిన్ అనుకునేది నిజానికి ఈ విసురే. ఏ వైపు తిరిగి ఆగిందో రీప్లేలో చూడండి. మలుపు లోపలికే తిరిగిపోతే స్టీరింగ్ ఆలస్యమైంది. బయటికి విసిరికొడితే గ్యాస్ వదిలేశారు, లేదా ఎడమకి తిప్పిన స్టీరింగ్ వెనక్కి తేలేదు.

సాధనకి ఖాళీ పార్కింగ్ స్థలం మంచిది. ముందు ఒకే వైపు గుండ్రంగా తిప్పండి, అది కుదిరాక ఎనిమిది అంకె వేయండి. ఎనిమిది నిలకడగా పడితే ఊళ్ళో ఏ మలుపైనా మీదే.

హ్యాండ్‌బ్రేక్ ఎంతసేపు పట్టుకోవాలి?

పట్టుకోకూడదు, తట్టాలి. అర సెకను చాలు. అంతకంటే ఎక్కువైతే వెనక చక్రాలు ఆగిపోయి వేగమంతా అక్కడే పోతుంది.

హ్యాండ్‌బ్రేక్ లేకుండా డ్రిఫ్ట్ ఎలా మొదలుపెడతారు?

పవర్ బాగా ఉంటే మలుపులో గ్యాస్ గట్టిగా తొక్కితే చాలు. పవర్ తక్కువైతే ముందు మలుపుకి ఎదురువైపు చిన్నగా తిప్పి, వెంటనే మలుపువైపు తిప్పండి. బరువు అటూ ఇటూ ఊగి తోకని బయటికి నెడుతుంది. వరస మలుపులున్న దారిలో నాకు నచ్చేది ఇదే, వేగం అస్సలు పోదు. క్లచ్ ఉన్న గేమ్‌లో అయితే రేజ్ చేస్తూ క్లచ్ ఒక్కసారి తొక్కి వదిలినా వెనక చక్రాలు జారతాయి.

మలుపు సగంలో డ్రిఫ్ట్ చచ్చిపోతోంది. ఏం చేయాలి?

ఇంజిన్ చప్పుడు వినండి. గొంతు పడిపోతుంటే గేరు ఎక్కువైంది, ఒకటి దించండి. కీచుమంటూ హద్దు దగ్గర ఆగిపోతుంటే ఒకటి పెంచండి. చప్పుడు బాగానే ఉన్నా ఆగిపోతుంటే మలుపులోకి వచ్చిన వేగమే చాలలేదు.

పాయింట్లు పెరగట్లేదు. ఒక్క మలుపు బాగానే తిప్పుతున్నా.

ఒక్క మలుపు కాదు, మలుపుకీ మలుపుకీ మధ్య తిన్నటి రోడ్డు మీద కూడా కారు ఇటు నుంచి అటు ఊగుతూ గొలుసు తెగకుండా ఉండాలి. గోడకి తగిలితే ఆ గొలుసు తెగుతుంది. కోణం మరీ పెంచితే వేగం పడిపోతుంది, రెండూ కలిస్తేనే మార్కు. అమెరికాలో 2004లో మొదలైన ఫార్ములా డ్రిఫ్ట్‌లో కూడా జడ్జీలు చూసేవి లైన్ (కారు పోయే దారి), కోణం, స్టైల్. ఫస్టు వచ్చినవాడికి కప్పిచ్చే పోటీ కాదది.

ఊళ్ళో రోడ్ల మీద బాగానే వస్తోంది, కొండ దిగే దారి మాత్రం రావట్లేదు.

మనవాళ్ళకి ఘాట్ రోడ్డు అంటే మారేడుమిల్లి వెళ్ళినప్పుడు బస్సు కిటికీలోంచి చూసిందే. డెల్టా అంతా బల్లపరుపు. కొండ దిగేటప్పుడు కారు బరువు ఎప్పుడూ ముందు చక్రాల మీదే ఉంటుంది, తోక తేలికగా ఉండి కొంచెం తాకినా జారుతుంది. అందుకని హ్యాండ్‌బ్రేక్ దాదాపు మానేయండి. బ్రేకు మలుపుకి చాలా ముందే, తిన్నగా ఉన్నప్పుడే వేయండి. బ్రేకు మెల్లగా వదులుతూ స్టీరింగ్ తిప్పితే తోక దానంతట అదే వస్తుంది. ఎక్కేటప్పుడు పూర్తిగా వ్యతిరేకం, అక్కడ గ్యాస్ మీదే బతకాలి.

## గ్యారేజీలో: ట్యూనింగ్

ముందు ఏ పార్టు మార్చాలి?

టైర్లు, డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకీ పవర్ పంచే గేర్లు), స్టీరింగ్ తిరిగే కోణం, సస్పెన్షన్, చివరాఖరికి ఇంజిన్. అందరూ ఈ వరస తిరగేసి చేస్తారు. ఇంకో నియమం: ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చి, అదే మలుపులో నాలుగైదు సార్లు తిప్పి, ఏం తేడా వచ్చిందో పాత నోట్సు చివరి పేజీలో రాసుకోండి. ఐదు స్లైడర్లు ఒకేసారి జరిపితే బాగుపడింది దేనివల్లో, చెడింది దేనివల్లో దేవుడికే తెలియాలి. యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన సెట్టింగు అచ్చుగుద్దినట్టు దించినా అదే సమస్య. అది అతని కారుకి, అతని చేతికి కుదిరింది.

క్యాంబర్, టో, క్యాస్టర్... ఇవేంటో అర్థం కావట్లేదండి.

క్యాంబర్ అంటే ముందునుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలి ఉండటం. పైభాగం లోపలికి వాలితే నెగటివ్. డ్రిఫ్ట్‌లో ముందు చక్రాలు బాగా తిరిగి ఉన్నప్పుడు రోడ్డుని పట్టుకోవడానికి మైనస్ 3 నుంచి మైనస్ 5 డిగ్రీల దాకా పెట్టి చూడండి. వెనక సున్నాకి దగ్గరగా ఉంచండి, లేకపోతే గ్యాస్ తొక్కినప్పుడు టైరు సగమే పనిచేస్తుంది.

టో అంటే పైనుంచి చూస్తే చక్రాల ముక్కులు ఎటు చూస్తున్నాయన్నది. ముందు చక్రాలు కొద్దిగా బయటికి చూస్తే మలుపులోకి చురుగ్గా వెళ్తుంది. వెనకవి కొద్దిగా లోపలికి చూస్తే తోక నిలకడగా ఉంటుంది.

క్యాస్టర్ పెంచితే డ్రిఫ్ట్‌లో స్టీరింగ్ తనంతట తాను ఎదురువైపుకి తిరుగుతుంది. 6, 7 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి.

ఊళ్ళో టైర్ల షాపులో అలైన్‌మెంట్ చేసేటప్పుడు కంప్యూటర్ తెర మీద కనిపించేవి ఇవే మూడు. ఒకసారి కారు తీసుకెళ్ళినప్పుడు పక్కన నిలబడి చూడండి, సగం సందేహాలు అక్కడే తీరతాయి.

టైర్లలో గాలి తేడా చేస్తుందా?

చేస్తుంది. వెనక గాలి పెంచితే టైరు రోడ్డుని తాకే భాగం తగ్గి తొందరగా జారుతుంది. పవర్ తక్కువున్న కారుకి ఇది పైసా ఖర్చులేని సాయం. రెండేసి పీఎస్‌ఐ చొప్పున మారుస్తూ చూడండి. పవర్ ఎక్కువున్న కారుకి వెనక గాలి తగ్గించాలి.

డిఫరెన్షియల్ లాక్ ఎంత పెట్టాలి?

డ్రిఫ్ట్ కారుకి పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా. మామూలు డిఫరెన్షియల్ ఉన్న కారులో మలుపు లోపలివైపు వెనక చక్రం మీద బరువు తగ్గగానే బలమంతా అటు పోయి, ఆ ఒక్క చక్రమే ఊరికే తిరుగుతుంది. లాక్ చేస్తే రెండూ కలిసి తిరుగుతాయి, కలిసి జారతాయి. అసలు డ్రిఫ్టర్లలో డబ్బు లేనివాళ్ళు డిఫరెన్షియల్ గేర్లని వెల్డింగ్ పెట్టించేసి ఇదే పని కానిస్తారు. గ్రిప్ రేసులకి (జారకుండా రోడ్డుని పట్టుకుని పోయేవాటికి) మాత్రం లాక్ తగ్గించండి, లేకపోతే కారు తిరగనని మొండికేస్తుంది.

పెద్ద టర్బో పెట్టా, కారు ఇంకా నెమ్మదైపోయింది!

టర్బోని తిప్పేది ఇంజిన్ పొగే. టర్బో పెద్దదైనకొద్దీ దాన్ని ఊపులోకి తేవడానికి ఎక్కువ పొగ కావాలి, అందుకని పై ఆర్‌పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా కారు నిద్రపోతుంది. తర్వాత ఒక్కసారిగా లేచి తన్నుతుంది, మలుపు మధ్యలో ఆ తన్ను వస్తే పట్టుకోలేరు. వీధుల్లో చిన్న టర్బోయే మేలు. ఇప్పటికే పెట్టేశారంటే ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్సు తర్వాత చక్రాలకి ముందుండే చివరి గేరు) కొంచెం పొట్టి చేయండి, ఆర్‌పీఎమ్ ఎప్పుడూ పైనే ఉంటుంది. పైవేగం తగ్గినా వీధి డ్రిఫ్ట్‌లో దాంతో పనిలేదు.

ఇంజిన్ స్వాప్ (ఇంజిన్ తీసి వేరే కారుది పెట్టడం) చేస్తే గెలుస్తానా?

తిన్నటి రోడ్డు మీద గెలుస్తారు. టొయోటా సుప్రాలో వచ్చిన 3 లీటర్ల 2జేజెడ్ ఇంజిన్‌కి అంత పేరెందుకంటే, దాని ఇనుప బ్లాకు ఎంత టర్బో బలాన్నైనా ఓర్చుకుంటుంది. జపాన్ కంపెనీలు 2004 దాకా తమలో తాము 280 పీఎస్ (హార్స్‌పవర్ లాంటిదే) హద్దు పెట్టుకున్నాయి కాబట్టి కాగితం మీద అంతకుమించి రాసుకోలేదు. కానీ అది ఆరు సిలిండర్ల బరువైన ఇంజిన్. చిన్న కారు ముక్కులో పెడితే ముందు బరువెక్కి మలుపులో తిన్నగా పోతుంది. స్వాప్ చేశాక సస్పెన్షన్ మళ్ళీ మొదటినుంచి సరిచేసుకోవాలి.

బాడీ కిట్లు, స్పాయిలర్ వల్ల వేగం పెరుగుతుందా?

వీధుల్లో వెళ్ళే వేగానికి స్పాయిలర్ ఉన్నా లేకున్నా ఒకటే. అందానికి పెట్టుకోండి. బరువు తగ్గించే పార్టులు మాత్రం నిజంగా పనిచేస్తాయి.

## డబ్బు, మోసాలు

గేమ్‌లో డబ్బు ఎప్పుడూ చాలట్లేదు. నిజం డబ్బు పెట్టాలా?

వద్దు. డబ్బు చాలకపోవడానికి కారణం కార్లు ఎక్కువైపోవడం. ఒక డ్రిఫ్ట్ కారు, ఒక రేసు కారు, అంతే. గెలిచిన రేసులే మళ్ళీ ఆడితే నెమ్మదిగా పోగవుతుంది. కార్‌ఎక్స్ స్ట్రీట్‌లో పెట్రోలు కూడా పోయించుకోవాలి, కార్లు పెట్టుకోవడానికి ఇళ్ళు కొనాలి, కాబట్టి చేతిలో కొంత ఉంచుకోండి. అమ్మ ఫోన్‌లో ఆడుతుంటే ప్లేస్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. తమ్ముడి వేలు తగిలి డబ్బులు పోయాక తన్నులు తినేది మీరే.

అన్‌లిమిటెడ్ మనీ ఏపీకే (ప్లేస్టోర్ బయట దొరికే యాప్ ఫైలు) దొరికింది, వేసుకోమంటారా?

వేసేటప్పుడు అది ఏ అనుమతులు అడుగుతోందో చూడండి. కారు గేమ్‌కి మీ ఎస్సెమ్మెస్‌లు చదివే పనేంటి? బ్యాంకు ఓటీపీలు వచ్చేది అక్కడికే. పైగా దొరికితే ఆన్‌లైన్ అకౌంట్ బ్యాన్ చేస్తారు. అన్నీ ఫ్రీగా వచ్చేశాక రెండు రోజుల్లో ఆట మీద మోజూ పోతుంది.

## ఆట బయట

రేసు మధ్యలో పిలిస్తే మావాడు పలకడు. ఏం చేయమంటారు? (ఒక అమ్మగారి ప్రశ్న)

ఆన్‌లైన్ రేసు మధ్యలో ఆపడం కుదరదండి, ఆపితే ఓడినట్టే. ఒక రేసు కొన్ని నిమిషాలే ఉంటుంది. "ఈ రేసు అయ్యాక రా" అనండి, "ఇంకొక్కటే అమ్మా" అంటే మాత్రం నమ్మకండి.

మా నాన్నగారి కారుతో కాలవగట్టు మీద ఒకసారి ట్రై చేద్దామనుకుంటున్నా. జాగ్రత్తలు చెప్పండి.

చెప్పను. ఆ కారు ముందు చక్రాలదైతే డ్రిఫ్ట్ ఎలాగూ నిలబడదు. గట్టు వెడల్పు ఎంత? ఒకపక్క కాలవ, ఇంకోపక్క చేలు, ఎదురుగా ధాన్యం బస్తాల ట్రాక్టరు, సైకిల్ మీద బడిపిల్లలు. గేమ్‌లో తప్పితే రీస్టార్ట్ బటన్ ఉంది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అనుమతి లేకుండా రోడ్డు మీద రేసు పెడితే మొదటిసారికే 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీకు 18 నిండకపోతే ఇంకా ఘోరం. 199ఎ సెక్షన్ కింద మీ నాన్నగారి మీద కేసు, 3 ఏళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాదిపాటు కారు రిజిస్ట్రేషన్ రద్దు, మీకు 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు.

స్టీరింగ్ వీల్ సెట్ కొంటే తొందరగా వస్తుందా?

ముందు కష్టమవుతుంది, తర్వాత సరదా రెట్టింపవుతుంది. లాజిటెక్ జీ29 లాంటివి 900 డిగ్రీలు తిరుగుతాయి, క్లచ్‌తో కలిపి మూడు పెడళ్ళు వస్తాయి. ఫోన్ కోసం కొనకండి, పీసీ ఉంటేనే. డ్రిఫ్ట్ మొదలవగానే చక్రం చేతుల్లోంచి దానంతట అది తిరగనివ్వాలి, బిగించి పట్టుకుంటే ఆలస్యమే. ఇంకోటి, చక్రాల కుర్చీలో కూర్చోవద్దు. బ్రేకు తొక్కినప్పుడల్లా నున్నటి టైల్స్ మీద మీరే వెనక్కి జారిపోతారు. డైనింగ్ టేబుల్ కుర్చీ తెచ్చి గోడకి ఆనించండి.

నిజంగానే ట్రాక్ మీద నేర్చుకోవాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

మనకి దగ్గర్లో చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో ఉన్న రేస్ ట్రాక్, ఇంకాస్త దూరమైతే కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే. పోటీల్లో దిగాలంటే మోటార్ స్పోర్ట్స్ జాతీయ సమాఖ్య ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు కావాలి. ముందు గో కార్టింగ్‌తో మొదలుపెట్టండి, ఖర్చు తక్కువ. చెన్నైకి మన కాకినాడ నుంచి భీమవరం మీదుగా సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. సంక్రాంతి రోజుల్లో మాత్రం టికెట్ ముందే చేయించుకోండి.